అభ్యంతరాలు లేవు

మొన్న మా జర్మనీ ఊరు పాడర్‌బోర్న్‌లో పాత వాషింగ్ మెషీన్ పారేయడానికి రీసైక్లింగ్‌హోఫ్ అనే తుక్కు కేంద్రానికి వెళితే, ఇనప తొట్టిలో వెల్లకిలా పడి ఉంది మా కంపెనీ కంప్యూటర్. ఒకప్పుడు ఇంటింటా పిల్లలు ఆడుకున్న పెట్టె. దాని ప్రోగ్రాములు పరీక్షించడం నా ఉద్యోగం. అంటే ఆఫీసువేళల్లో ఆటలాడి జీతం పుచ్చుకునేవాణ్ణి.

నన్ను అందులో చేర్చింది అన్నయ్య. సొంత అన్నయ్య కాదు, గుంటూరులో నాకు సండేస్కూల్ పాఠాలు చెప్పినవాడు. జర్మనీలో డిజైన్ విభాగానికి పెద్దయ్యాక కూడా ఆయన కనబడితే నా చేతులు వాటంతటవే కట్టుకునేవి. ఒక ఏడు ఆయన మనసు వర్క్‌స్టేషన్ల మీద పడింది. ఇంజనీర్లు వాడే ఖరీదైన యంత్రాలవి. లోపల రిస్క్ అనే కొత్తరకం చిప్పు, చిన్న చిన్న ఆదేశాలను మహా వేగంగా నడిపేది. "ఆటబొమ్మలతో ఎన్నాళ్ళు బతుకుతాంరా?" అనేవాడు. తెలుగులో రాస్తే ఆ చిప్పు పేరుకీ, ప్రమాదమనే రిస్కుకీ తేడా లేదని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నిర్ణయం జరిగే మీటింగ్‌లో అన్నయ్య నమూనా యంత్రాన్ని నడిపి చూపించాడు. తెరమీద వంతెన బొమ్మ గిర్రున తిరిగింది. ఆ యంత్రం మీద నడవడానికి మరో ప్రోగ్రామంటూ లేదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. డిజైనర్లందరినీ ఇటు మళ్ళిస్తే ఇంటి కంప్యూటర్ కొత్త మోడల్ ఆగిపోతుందనీ తెలుసు. డైరెక్టర్ అందరినీ చూసి, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు. నలుగురిలో అన్నయ్యకి ఎదురు చెప్పడమా! బయటికొచ్చాక మెల్లగా చెబుదామని కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. సెక్రటరీ ప్రోటోకోల్‌లో, అంటే మీటింగ్ తీర్మానాల పుస్తకంలో, రాసుకుంది: అభ్యంతరాలు లేవు. పెన్ను మూత టక్కున పడింది.

పార్కింగ్‌లో నోరు విప్పాను. "అన్నయ్యా, కొన్నవాళ్ళు దానిమీద ఏం నడుపుకుంటారు?"

ఆయన కారు తలుపు తీయబోతూ ఆగాడు. "ఈ మాట లోపల ఏమైందిరా?"

"మీరు చెబుతుంటే నేనెలా..."

"ఒరే, నువ్వు నోరెత్తకపోతే అంతా సరిగ్గా ఉందనుకున్నా. ప్రోగ్రాములు చూసేది నువ్వేగా!"

"రేపు వెళ్ళి చెబుదామా?"

"ప్రోటోకోల్ అయిపోయాక ఎవడు వింటాడ్రా ఇక్కడ?"

ఆ చలికాలం నుంచే కంప్యూటర్లు బిగించే అసెంబ్లీ హాల్లో దీపాలు వరసకొకటి ఆరుతూ వచ్చాయి. పరీక్షకని తీసుకున్న ఆఫీసులు వర్క్‌స్టేషన్లను తిప్పి పంపేశాయి. కొత్త మోడల్ లేక క్రిస్మస్‌కి దుకాణాల్లో మా చోటు ఇంకొకరు ఆక్రమించారు. చివరికి హాల్లో పనిచేసేవాళ్ళకి ఉద్యోగం పోయిందన్న ఉత్తరాలు అన్నయ్యే ఇచ్చాడు, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన చెప్పిన చిప్పుల కాలం నిజంగానే వచ్చింది; ఇప్పుడవి అందరి జేబుల్లోని ఫోన్లలోనూ ఉన్నాయి. ఆయన లేడు, కంపెనీ లేదు. ఆ గదిలో నేను మాట్లాడకుండా కూర్చున్నది బహుశా అర నిమిషం. తర్వాతి ఏళ్ళన్నీ గడిచిపోయాయి గానీ, ఆ అర నిమిషం ఇంకా గడవలేదు.