దాలయ్య కూర్చునే సీటు

దాలయ్య గురించి మా క్లబ్బులో ఎవరిని అడిగినా మంచి మాటలే చెపుతారు. నేను చెపితే అందులో కాస్త కుళ్ళు కలుస్తుంది. ముందే ఒప్పేసుకుంటున్నాను, తరవాత నన్ను తిట్టుకోకండి. ఆరేళ్ళపాటు ఆ మనిషి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అతను నాకు చేసిన అపకారం ఏమిటంటే, నా కారులో నా పక్కన కూర్చోవడం.

కళింగపట్నం పక్క పల్లెలో, సముద్రం మీద వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టాడు దాలయ్య. తండ్రి నూకయ్యా, అన్నలూ అలల మీద బతికినవాళ్ళు. ఇతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేసేది. గంగపుత్రుడికి నీళ్ళంటే పడకపోవడమేమిటని ఊరంతా నవ్వితే, ఆ సిగ్గుతో ఇల్లొదిలి శ్రీకాకుళంలో బస్సుల షెడ్డులో చేరాడు. అక్కడ పని నేర్చుకుని, విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో సొంత షెడ్డు వేశాడు. పెళ్ళాం కూర్మమ్మ బజార్లో ఎండుచేపలు అమ్మేది. ఆ చేపల వాసన, ఈ గ్రీజు వాసన కలిసి ఆ సందులోకి వెళ్తే ముక్కు మూసుకోవలసి వచ్చేది. అయినా వెళ్ళేవాళ్ళం. స్పోర్ట్స్ కారు విప్పి మళ్ళీ బిగించగల మనిషి విశాఖపట్నానికీ బరంపురానికీ మధ్య ఇంకొకడు లేడు.

మా క్లబ్బంటే మొత్తం ఎనిమిది కార్లు. అన్నీ రెండేసి సీట్లవి, పైన గుడ్డ టాపు తీసేస్తే ఆకాశం కనబడేవి. తేయాకు తోటల దొరలూ, మిల్లుల దొరలూ సీమకి వెళ్ళిపోతూ అమ్మేసినవి. విజయనగరం వాళ్ళం అయిదుగురం, శ్రీకాకుళం వాళ్ళు ముగ్గురు. 1962లో మొదలుపెట్టాం. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఒకసారి భీమిలి, ఒకసారి రామతీర్థం, ఒకసారి శాలిహుండం. ఒక్కసారి పాతపట్నం దాకా వెళ్ళాం, ఆ రోడ్డు దెబ్బకి వారం రోజులు నడుములు పట్టేశాయి. వెనకాల ఒక వేన్‌లో పులిహోర కేరియర్లు, జంపఖానాలు వచ్చేవి. ఊళ్ళలో జనం పని మానుకుని చూసేవారు. కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాలి, ముందు కారుని దాటకూడదు. ఇది క్లబ్బు నియమం.

ఆ ముందు కారు ఎప్పుడూ డాక్టర్ గణపతిరావుది.

ఆయన కారు ఆకుపచ్చది, నాది ఎర్రది. ఆయన దగ్గరికి రోగులు తెల్లారేసరికి వరసకట్టేవారు, నా గోగునార కొట్టు దగ్గరికి ఈగలు వచ్చేవి. ఇది నేను సహించగలను. ఆయన పక్క సీట్లో భార్య లక్ష్మీనరసమ్మ గారు తలకి పట్టు రుమాలు కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటే, ఫొటోలు తీసేవాళ్ళంతా ఆ కారు చుట్టూ మూగేవారు. అది సహించలేకపోయేవాణ్ణి. మిగిలినవాళ్ళ పక్కన కూడా వాళ్ళ వాళ్ళ ఇల్లాళ్ళే. నా భార్య సుభద్రమ్మ మాత్రం వేన్‌లో పులిహోర కేరియర్ల మధ్య వచ్చేది. ఎందుకంటే నా పక్క సీట్లో దాలయ్య ఉండేవాడు.

అతని పద్ధతి చెప్పాలి. బయల్దేరే ముందు ఎనిమిది కార్లనీ స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒక్కో కారు దగ్గర రెండు నిమిషాలు. అన్నీ విన్నాక, దారిలో ఇబ్బంది పెడుతుందని ఏ బండి మీద అనుమానమో ఆ బండిలో తనే ఎక్కి కూర్చునేవాడు. నోటితో ఒక్క మాట అనేవాడు కాదు. అనక్కర్లేదు కూడా. దాలయ్య ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ కారు డొక్కు అని అందరికీ అర్థమైపోయేది.

మొట్టమొదటి నెల భీమిలి వెళ్ళినప్పుడు సుభద్రమ్మ నా పక్కనే కూర్చుంది. రెండో నెల నుంచి దాలయ్య. ఆ తరవాత ఏ ఆదివారం చూసినా దాలయ్యే. నేను కలకత్తా నుంచి కొత్త కార్బురేటర్ తెప్పించాను. పిస్టన్లు మార్పించాను. టైర్లు మార్పించాను. అన్నీ అతని చేతే బిగింపించాను. అంతా అయ్యాక మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చునేవాడు.

"ఏమైందయ్యా నా బండికి?" అనడిగేవాణ్ణి.

"ఏటీ నేదు బాబూ. ఊరికే," అనేవాడు.

ఆ 'ఊరికే' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అతను పక్కనుంటే గేరు మార్చడానికి కూడా చెయ్యి స్వేచ్ఛగా ఆడేది కాదు. గట్టిగా నొక్కితే ఇంజను వైపు చెవి పెట్టి మొహం అదోలా పెట్టేవాడు. పైగా ఇంకో చాదస్తం. మావైపు మాఘమాసంలో రైతులు ఉలవ మొక్కల్ని పీకి తారురోడ్డు మీద పరుస్తారు. పైనుంచి బస్సులూ లారీలూ వెళ్తే కాయలు పగిలి ఉలవలు రాలతాయి, వాళ్ళకి నూర్చే పని తప్పుతుంది. మా కార్లేమో నేలకి జానెడెత్తులో ఉంటాయి. ఆ పరుపు దాటగానే దాలయ్య కారాపించి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, కింద ఇరుక్కున్న చెత్తంతా లాగేవాడు. ఆ లాగడం అయ్యేసరికి మిగతా ఏడు కార్లూ కనుచూపు మేర దాటేసేవి. అందరికంటే ఆఖర్న, ఒంటినిండా దుమ్ముతో దిగేది మేమిద్దరమే.

డాక్టరు అతనికి లోపాయికారీగా ఏదో ముట్టచెపుతున్నాడనీ, అందుకే నన్నిలా అవమానిస్తున్నాడనీ నేను క్లబ్బులో ఇద్దరి ముగ్గురి చెవిన వేశాను. దాలయ్యకి చెవుడొచ్చింది, ఇంకో మెకానిక్కుని చూద్దామని కూడా అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాటలు అతనికి చేరే ఉంటాయి. ఆ మరుసటి ఆదివారం కూడా వచ్చి, "నమస్కారం బాబూ" అని నా పక్కన కూర్చున్నాడు.

1968లో రథసప్తమి జనం తగ్గాక, ఆ పై ఆదివారం అరసవల్లి, శ్రీకూర్మం వెళ్దామనుకున్నాం. ఈసారి సుభద్రమ్మ నా పక్కన కూర్చుని తీరాలని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. ఆవిడకి గులాబీరంగు పట్టు రుమాలు కొన్నాను.

"ఇదెందుకండీ, నేను వేన్‌లోనే వస్తాను కదా," అంది.

"రావు. చూస్తూండు," అన్నాను.

పొద్దున్న అందరం కాఫీ తాగుతూండగా, నేను డాక్టరు కారు బానెట్ ఎత్తి, ఒక ప్లగ్గు వైరు సగం ఊడేలా లాగి, మళ్ళీ మూసేశాను. అవును, నేనే. జూట్ వ్యాపారి నరసింగరావు, ఇద్దరు బిడ్డల తండ్రి, దొంగలా చేసిన పని అది.

దాలయ్య స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. కళ్ళు తెరిచాడు. బానెట్ ఎత్తి వైరు నొక్కి మూశాడు. ఆ తరవాత తిన్నగా నా వేళ్ళకేసి చూశాడు. వేళ్ళకి నల్లటి మరక ఉంది. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"ఈపాలి నేను డాక్టరుగారి బండిలో కూకుంతాను బాబూ. మీరు అమ్మగోర్ని ఎక్కించుకోండి. నెమ్మదిగా ఎల్లండి. ఉలవలు దాటినాక ఓపాలి దిగి కింద సూసుకోండి."

నాకు కావలసింది దొరికింది. లక్ష్మీనరసమ్మ గారు మొహం మాడ్చుకుని వేన్ ఎక్కుతూంటే నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. సుభద్రమ్మ నా పక్కన కూర్చుంది. రుమాలు కట్టుకుంది. ఒక్క మాటా మాట్లాడలేదు. సిగ్గనుకున్నాను.

అరసవల్లిలో దర్శనమయ్యాక శ్రీకూర్మం దారి పట్టాం. ముందు డాక్టరు కారు, వెనక నాది. ఆ ఆకుపచ్చ రంగు ఆరేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. దాలయ్య అందులో కూర్చున్నా, ముందు వెళ్తోంది మళ్ళీ అదే. దాన్ని దాటాలి, నా పక్కన నా భార్య ఉండగా దాటాలి, అంతే. ఇంకేమీ తోచలేదు. కొంత దూరం పోయాక రోడ్డు మీద ఉలవ మొక్కలు పరిచి ఉన్నాయి, ఫర్లాంగు పొడుగునా. డాక్టరు కారు బాగా నెమ్మదించింది. అదే అదను. నేను హారన్ కొట్టి పక్కనుంచి దూసుకుపోయాను. ఉలవలు పటపటా పగిలాయి. అద్దంలో చూస్తే డాక్టరు కారు ఆగి ఉంది, దాలయ్య దిగి దాని కింద దూరుతున్నాడు. నేను ఆగితే వాళ్ళు మళ్ళీ ముందుకొచ్చేస్తారు. ఆగలేదు.

మైలు దూరం రాజులా వెళ్ళాను.

"ఏదో కాలుతున్నట్టుందండీ," అంది సుభద్రమ్మ.

"పొలాల్లో చెత్త కాలుస్తున్నారు."

"కాదండీ. నా కాళ్ళకి వేడిగా ఉంది."

నేను కిందికి చూసేసరికి గేరు పక్కనుంచి పొగ వస్తోంది. కారాపి ఆవిణ్ణి దింపాను. కింద వేడెక్కిన పొగగొట్టానికీ, చక్రాల్ని తిప్పే కడ్డీకీ చుట్టుకున్న ఉలవ చెత్త భగ్గున మండుతోంది. వెనకాల పెట్రోలు టాంకు. నేను చూస్తూ నిలబడిపోయాను.

వెనకనుంచి వచ్చిన డాక్టరు కారు ఇంకా పూర్తిగా ఆగకుండానే దాలయ్య దూకాడు. మంట కిందకి దూరి, ఉత్త చేతులతో ఆ చెత్తని పట్టి పట్టి బయటికి లాగాడు. డాక్టరు తన టోపీతో ఇసక తవ్వి పోశాడు. పొలంలోంచి రైతులు పరిగెత్తుకొచ్చి మట్టి పోశారు. మంట టాంకు దాకా పోకుండానే ఆగింది.

దాలయ్య బయటికి వచ్చాడు. చొక్కా అంతా మసి. రెండు అరచేతుల మీదా చర్మం లేచిపోయింది. తరవాత మూడు నెలలు కట్లు కట్టించుకున్నాడు, కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. అప్పుడతను నా వైపు చూడలేదు. సుభద్రమ్మ ఎదరకి వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పైపోనాది అమ్మగోరూ. బాబుగారి పక్కన నేను కూకుంతానని మీకు మాటిచ్చినాను. ఈ ఒక్కపాలికీ ఏటవతాదిలే అనుకున్నాను."

"నీ తప్పేముంది దాలయ్యా," అంది సుభద్రమ్మ. ఆవిడ కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏం మాట?" అన్నాను నేను.

డాక్టరు తల వంచుకుని తన పెట్టెలోంచి మందు తీసి దాలయ్య చేతులకి రాసి కట్లు కడుతున్నాడు. చివరికి సుభద్రమ్మే చెప్పింది.

"మొదటిసారి భీమిలి వెళ్ళినప్పుడు, డాక్టరుగారి కారు ముందు కనిపించేసరికి మీకు నేను పక్కనున్న సంగతే జ్ఞాపకం లేదు. లారీ ఎదురొస్తోందని అరిచినా మీకు వినబడలేదు. మీ పక్కన కూర్చోవాలంటే నాకు భయమండీ. ఆ మాట చెపితే మీకు చిన్నతనంగా ఉంటుంది. పరాయివాడు పక్కనుంటే నిదానంగా వెళ్తారని దాలయ్యని అడిగాను. మీకు చెప్పొద్దన్నాను."

నేను దాలయ్య వైపు తిరిగాను. "మరి నా బండి?"

"ఎనిమిదింట్లో అదే మంచి బండి బాబూ," అన్నాడు.

ఆరేళ్ళు నేను అతని మీద విసుక్కున్నాను, చాటున అనరాని మాటలన్నీ అన్నాను. ఒక్కసారి నోరు విప్పి 'మీ ఇంటావిడ అడిగింది' అంటే సరిపోయేది. అనలేదు. పొద్దున్న నా వేళ్ళ మరక చూసి కూడా అనలేదు. డాక్టరు మీద నాకున్న అసూయ ఆ రోడ్డు మీదే పోయింది. పోయి, అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది. నా భార్య తన భయాన్ని ఎవరికి చెప్పుకుంది? నాకు కాదు. ఎండుచేపల సందులో ఉండే మెకానిక్కుకి. చెప్పుకుని నిశ్చింతగా ఉంది. ఆ నమ్మకం చూస్తే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది. దాచుకోను.

దాలయ్యని డాక్టరు తన కారులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాడు. వెళ్ళే ముందు దాలయ్య కట్లు కట్టిన చేత్తోనే చూపిస్తూ, కాలిన తీగల్ని నా చేత కలిపించాడు. నా కారు మళ్ళీ స్టార్టయింది. వేన్ ఒక్కటీ ఆగింది, మిగిలినవాళ్ళు దర్శనానికి శ్రీకూర్మం వెళ్ళిపోయారు.

"నేను ఇంటికి వెళ్ళిపోతాను, నువ్వు వేన్‌లో వెళ్ళు," అన్నాను సుభద్రమ్మతో.

"మీరొక్కరూ ఎలా వెళ్తారు?" అని తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

ఇరవై మైళ్ళ స్పీడు దాటించలేదు. మధ్యాహ్నం ఎండ, ముందు దుమ్ము రేపే బండి ఒక్కటి లేదు, డాక్టరు కారు ఎప్పుడో కనుమరుగైపోయింది. నేను గేరు మార్చిన ప్రతిసారీ ఆవిడ వేళ్ళు తలుపు అంచు మీద బిగుసుకున్నాయి. "నెమ్మదిగానే వెళ్తున్నాను కదా," అన్నాను. "అవునండీ," అంది. నాగావళి వంతెన దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.