ల్యాంపు రూము అక్క చేసిన పాటల మిషిని

మా పక్క క్వార్టరు అక్క మొన్న మంగళవారం పొద్దున కరీంనగర్ దవాఖానలో కన్నుమూసింది. ఫోను వచ్చినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. విన్న తర్వాత నల్లా కట్టేయాలని కూడా తోచలేదు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లుగా మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

అందరూ ఆమెను ల్యాంపు రూము అక్క అనేవాళ్లు. మేము పక్కకు రాకముందే, భర్త ఉద్యోగంలో ఉండగానే గుండె ఆగి పోతే, ఆయనకు బదులు ఆమెకు పని ఇచ్చారు. గనిలోకి దిగేవాళ్లకు నెంబరు బిళ్ల చూసి తలదీపం ఇవ్వాలి, పైకొచ్చాక వాపసు తీసుకోవాలి, చెడిపోయినవి బాగుచేయాలి. నెంబరు తారుమారైతే కింద ఎవరు మిగిలారో పైన తెలియదు. షిఫ్టుకు ఆలస్యమవుతోందని ఎవరెంత తొందరపెట్టినా అక్క బిళ్లను రెండుసార్లు చూడందే దీపం చేతికిచ్చేది కాదు.

భర్త వదిలిపోయిన వాటిలో ఒక రేకుపెట్టె ఉంది. మంచిర్యాలలో గ్రామఫోను పాటల ప్లేట్ల దుకాణం ఎత్తేస్తుంటే ఆయన గంటసేపు నిలబడి విని, ఏడు చిన్న ప్లేట్లు కొనుక్కొచ్చాడట. "మిషిని లేకుంట ప్లేట్లెందుకు, అండ్ల బువ్వ తింటవా అని లొల్లి వెట్టుకున్న తమ్మీ" అని అక్క చెప్పేది. మిషిని తర్వాత కొందామన్న మనిషి ఆ ఏడే పోయాడు. ప్లేట్ల మీది కాగితాలు పురుగులు తినేశాయి. ఎవరు పాడారో, ఏం పాడారో అక్కకు తెలియదు.

రిటైరయ్యాక ఆ మిషినిని తనే చేయడానికి కూర్చుంది. పాడైన టేపురికార్డరులోంచి మోటారూ స్పీకరూ, తిరగడానికి సైకిల్ హబ్బు, ముల్లును పట్టే చేతికి టీవీ యాంటెన్నా గొట్టం. ప్లేటు కింద మొదట వంట గంజు మూత పెడితే అది కల్లు తాగినవాడిలా ఊగింది. తర్వాత వడ్రంగి దగ్గర గుండ్రటి చెక్క కోయించింది. ముల్లు మాత్రం హైదరాబాద్ నుంచి నేనే తెచ్చాను. ఆ గొప్ప ఎక్కడా చెప్పకుండా వదల్లేదు. ఒకసారి ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగుకు ఇల్లు అదిరి, ముల్లు ఎగిరి ఒక ప్లేటు గీసుకుపోయింది. అప్పటి నుంచి మధ్యాహ్నం బ్లాస్టింగు అయ్యేదాకా మిషినిని ఎవరినీ ముట్టనివ్వలేదు.

మొదటిసారి పాట వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. నిదానంగా, బొంగురుగా ఒక మగ గొంతు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అన్న గొంతు అచ్చం గిట్లనే ఉంటుండె." భర్తను నా దగ్గర మీ అన్న అనే అనేది.

నాలుగు నెలలు రోజూ అదే పాట గోడ దాటి మా ఇంట్లోకి వచ్చింది.

తర్వాత ఒకరోజు అదే పాట నా ఫోనులో వినబడింది. పాడుతున్నది ఆడమనిషి. అక్క మిషిని మెల్లగా తిరగడం వల్లే ఆ గొంతు మగ గొంతులా బొంగురుపోయిందని అప్పుడర్థమైంది. ఎదుటివాళ్ల తప్పు కనబడితే నాకు ఆగదు. పరిగెత్తుకెళ్లి ఫోను వినిపించాను. అక్క మోటారు ఇరుసుకు, బెల్టు తిరిగే చోట, నాలుగు చుట్లు అంటు టేపు చుట్టి లావు చేసింది. ప్లేటు వేగంగా తిరిగింది. ఆడగొంతు వచ్చింది. చివరిదాకా విని "గట్లనా" అంది.

వారం రోజులు గోడ అవతల చప్పుడు లేదు. "నీ నోట్ల నువ్వుగింజ నానదు" అని మా ఆవిడ తిట్టింది. ఆమె తిట్టకముందే నేను బాధపడుతున్నాను. చివరికి వెళ్లి, ఆ టేపు తీసేద్దామా అక్కా, మళ్లీ పాత లెక్కనే వస్తుంది అన్నాను.

"వద్దు తమ్మీ. ఒకల దీపం ఇంకొకలకు ఇచ్చిన్నని తెల్సినంక ఊకుంటమా? గా పాట గామెది." మిషిని మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ అంది: "నిజం చెప్పాల్నంటే మీ అన్న గొంతు నాకు యాదికి లేదు. ఉన్నదనే అనుకున్న ఇన్నేండ్లు. గిట్లనే ఉంటుండె అన్న గదా, గది ఉత్తదే."

అక్కే నాకు చాయ్ పోసి ఇచ్చి, నన్ను ఓదార్చినట్టుగా అంది: "ఫికర్ చెయ్యకు. ఆయన దుకాణంల నిలబడి ఏం విన్నడో, ఇప్పుడు నేనూ గదే వింటున్న. గదన్న దొరికింది."

మళ్లీ రోజూ పాట మొదలైంది. ఆడగొంతు.

అక్క దవాఖానకు పోయే ముందు వారం నేను వాళ్లింట్లోకి వెళ్తే పాట అయిపోయి ఉంది. ప్లేటు ఇంకా తిరుగుతోంది. ముల్లు లోపలి ఖాళీ గీతలో పడి కర్‌కర్‌మంటోంది. పాట అయిపోయింది కదా అని ముల్లు ఎత్తబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి తమ్మీ. గీడ ఎవల గొంతూ లేదు. మీ అన్నది యాదికొస్తదేమోనని చూస్తున్న."

కళ్లు మూసుకుని, తల కొంచెం మిషిని వైపు వంచి కూర్చుంది. ప్లేటు తిరుగుతూనే ఉంది.