మోటారు బావ

ఏమయ్యా నీలం చొక్కా, ఇంట్లో నీళ్ళ మోటారు వేసి వచ్చి ఇక్కడ తీరిగ్గా టీ తాగుతున్నావా? పైగా "ఇంకా పది నిముషాలు ఉందిలెండి" అని నవ్వొకటి! తప్పు కాదూ? ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. కట్టెయ్యమను. చెప్పావా? సరే, ఇప్పుడు కూర్చో. ఆ పది నిముషాలు మొన్న నన్ను ఏం చేశాయో విను.

మాది గాజువాకలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. ఆరు ఫ్లాట్లు, వాచ్‌మన్ లేడు. అందుకని మోటారు వంతులు పెట్టుకున్నాం, రోజుకొక ఫ్లాటు. నా వంతు వచ్చిందంటే వాచీ చూసి వేస్తాను, సరిగ్గా ఇరవై రెండు నిముషాలకి కట్టేస్తాను. ఆటోనగర్ వర్క్‌షాపులో పాతికేళ్ళుగా టైం కీపర్ని. ఒక్క నిముషం లేటైనా ఎర్ర సిరాయే. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. వంట, బట్టలు, ఇల్లు తుడవడం, అన్నీ టైముకే.

మా పై ఫ్లాటు అప్పన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటింజన్ల మెకానిక్. తెల్లారకముందే పోతాడు, మధ్యాహ్నం వస్తాడు. సాయంత్రం ఐదింటికి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మెట్ల దగ్గర నిలబడి, "ఏటి బావా, టీ తాగినావా?" అంటాడు. నేను "తాగలేదు" అంటాను. ఇద్దరం తాగుతాం. మంచివాడే గాని, మోటారు వేసి మర్చిపోతాడు. నెలలో మూడుసార్లు ట్యాంకు పొంగించాడు. కింద సంపులోకి నీళ్ళొచ్చేదే రోజు విడిచి రోజు, అదీ వీధిపాలు!

మూడోసారి తిడదామని పైకెళ్ళాను.

"నానేటి సేత్తాను బావా, తెల్లారి మూడింటికి లేచిన మనిసిని. మోటారు సిచ్చేసి కూకుంటే నిద్దరొట్టేత్తంది" అన్నాడు.

వాళ్ళమ్మాయి సుజాత డిగ్రీ ఫస్టియర్. సోషియాలజీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. "తిడితే మారరు మావయ్యా. నియమం ఉంటే సరిపోదు, దానికి సాంక్షన్ ఉండాలి" అంది.

శాంక్షన్ అంటే నాకు తెలిసింది లీవు శాంక్షన్ ఒక్కటే. సుజాత చెప్పిన సాంక్షన్ అంటే శిక్షట. పోలీసులూ కోర్టులూ వేసేదే కాదట. తప్పు చేసినవాణ్ణి చూసి నలుగురూ నవ్వినా, మొహం తిప్పుకున్నా, మాట్లాడకపోయినా అదీ సాంక్షనేనట. సమాజం నడిచేది ఎక్కువగా దానిమీదేనట. నేను చదివింది తొమ్మిదో తరగతి. అయినా ఆ మాట నా మనసులోంచి తీసి ఎవరో అచ్చు వేసినట్టనిపించింది. పుస్తకం అడిగి తెచ్చుకున్నాను.

ఆదివారం మీటింగ్‌లో నేనే లేచాను. "మోటారు వేసి ట్యాంకు పొంగించినవాళ్ళతో ఏడు రోజులు ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ళకీ ఏడు రోజులే."

సెక్రటరీ జాన్ గారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. "మరీ అంతెందుకండీ?" అన్నారు.

"క్రమశిక్షణ అంటే అంతేనండి."

అప్పన్న తల గోక్కుంటూ, "నాకోసమే ఎట్టేడు" అని నవ్వాడు. అందరూ సంతకాలు పెట్టారు. అక్షరాలు దిద్ది నేనే బోర్డు మీద రాశాను.

మరుసటి బుధవారం నా వంతు. ఐదున్నరకి మోటారు వేసి, వాచీ పక్కన పెట్టుకుని, పుస్తకం తీశాను. ప్రాథమిక సమూహం అనే పాఠం. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, ఇరుగుపొరుగు, అంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. పనికోసం కలిసి, పని కాగానే ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళది ద్వితీయ సమూహం. అది వెంటనే అర్థమైంది. వర్క్‌షాపులో రోజూ నా కిటికీ ముందునుంచి అరవై మంది వెళ్తారు, టోకెన్ నంబరు చెప్పి పోతారు.

పాఠం చివర అభ్యాసం ఉంది. 'మీ ప్రాథమిక సమూహంలోని ఐదుగురి పేర్లు రాయండి.' కింద ఐదు గీతలు.

పని ఇస్తే చెయ్యకుండా వదలను కదా. పెన్సిల్ తీసుకుని మొదటి గీత మీద 'అప్పన్న' అని రాశాను. రెండో గీత దగ్గర ఆగాను. ఎవరు? జాన్ గారా? మీటింగులోనే మాట. రెండో అంతస్తు తులశమ్మ గారా? "మెట్ల మీద చెప్పులు విడవకండి" అని నేను, "అలాగేనండీ" అని ఆవిడ, అంతే. ఎవరు... ఎవరు...

పైనుంచి కేక. "అయ్యో, నా మిరపకాయలూ!"

వాచీ చూశాను. నలభై ఒక్క నిముషాలు! ట్యాంకు పొంగి, తులశమ్మ గారు డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలన్నీ మెట్లమీదుగా ఈదుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి.

జాన్ గారు బోర్డు వంక చూశారు, నా వంక చూశారు. "పోనీ ఈసారికి వదిలేద్దామండీ..."

"వీల్లేదు. నియమం నియమమే" అన్నాను. నేనేనండీ అన్నది!

మొదటిరోజు ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఎంత పక్కాగా అమలు చేస్తున్నారో అని సంతోషించాను. రెండోరోజూ అంతే. మూడోరోజు కూర తరుగుతుంటే తట్టింది. అంతకుముందు వారం మాత్రం ఎవరు మాట్లాడారు? తేడా అంతా ఐదింటికి, మెట్ల దగ్గరే. అప్పన్న నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేవాడు. శిక్ష మొత్తం ఆ ఒక్క మనిషిలోనే ఉంది.

నాలుగోరోజు అప్పన్న ఆగాడు. నావైపు చూడకుండా, మెట్ల పక్కనున్న మోటారు వైపు తిరిగి వంగాడు. "ఏటి మోటారు బావా, టీ తాగినావా? మొకం పీక్కుపోనాదేటి? అన్నం తింతన్నావా నేదా?"

నోరు మూసుకుని లోపలికి పోవాల్సింది. పోయానా? "అప్పన్నా! మోటారు పేరు పెట్టి మాట్లాడినా నాతో మాట్లాడినట్టే. అది నియమాన్ని మోసం చెయ్యడం!" అన్నాను. అదీ గట్టిగా, మెట్లన్నీ వినపడేలా.

జాన్ గారు తలుపు తీశారు. అప్పన్నతో, "మాట్లాడినవాళ్ళకీ ఏడు రోజులని బోర్డు మీదుందయ్యా. ఆయనే సాక్ష్యం చెప్తుంటే నేనేం చెయ్యను? ఆయన వారం అయ్యాక నీ వారం" అన్నారు.

అప్పన్న నావంక చూశాడు. కోపంగా కాదు. "సంపేసినావు బావా" అన్నట్టు చూసి, మెట్లెక్కి పోయాడు.

నా వారం అయిపోయింది. ఇక ఎవరైనా నాతో మాట్లాడొచ్చు. మాట్లాడేవాడు ఒక్కడే, వాడితో మాట్లాడకూడదు. పదకొండో రోజు ఐదింటికి టీ పెట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాను. అలవాటుగా రెండు గ్లాసులు పట్టుకొచ్చాను. అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. మోటారు దగ్గర కూర్చుని, "ఏటి బావా, టీ తాగినావా?" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తులశమ్మ గారు! చీర కొంగు నోట్లో కుక్కుకుని పైకి పరిగెత్తారు. ఆ రాత్రికల్లా ఆరు ఫ్లాట్లలోనూ నా కబురే. అప్పటిదాకా నాకు లేని పేరు వచ్చింది: మోటారు బావ.

పుస్తకం తిరిగిచ్చాను. సుజాత అభ్యాసం పేజీ తిప్పి చూసింది. రెండో గీత మీద నా చేతిరాతలోనే 'మోటారు' అని ఉంది. "మావయ్యా, సమూహంలో మనుషులే ఉండాలి" అని చెప్పి రబ్బరుతో తుడిపేసింది.

మరిచిపోయింది పంతొమ్మిది నిముషాలు. రాసుకున్న శిక్ష ఏడు రోజులు. నా నోటి పుణ్యమా అని అనుభవించింది పద్నాలుగు.