తీతువుకు వదిలిన చోటు

రెండు రోజులు వాన పడి శుక్రవారం తెరిపి ఇచ్చింది. మొయినాబాద్ దగ్గరి మా చేనులో ట్రాక్టరుతో దుక్కి చేయిస్తుండగా ఫోను వచ్చింది. పక్క చేను పెద్దమ్మ పోయిందని. డ్రైవరుకు ఇంకా దున్నాల్సిన చేను చెక్క చూపించి ఆమె ఇంటికి నడిచాను.

మా వైపు తీతువు పిట్ట కూస్తే చావు కబురు వస్తుందంటారు. పెద్దమ్మ ఒప్పుకునేది కాదు. "అది మొత్తుకునేది దాని గుడ్ల కోసంరా. నీ చావుతోని దానికేం పని?" అనేది. తీతువు గూడు కట్టదు. ఎండాకాలంలో వట్టి నేల మీద, రాళ్ల నడుమ మట్టిరంగు గుడ్లు పెడుతుంది. దున్నేటప్పుడు పిట్ట అరుస్తూ మీదికొస్తే పెద్దమ్మ అరక ఆపించి వెతికేది. గుడ్ల చుట్టూ నాలుగడుగులు వదిలి దున్నించేది.

ఒక ఏడు నేను తెలివి చూపించాను. గుడ్లను తువ్వాలలో ఎత్తి గట్టు మీద పెట్టి చేనంతా దున్నాను. పిట్టలు పాత చోటు మీదే రెండు రోజులు తిరిగి వెళ్లిపోయాయి. "ఇల్లు మంచిగనే మార్చినవు. దానికి చెప్పినవా మరి?" అంది పెద్దమ్మ. ఆ వానాకాలమంతా నేను కనబడితే అదే మాట.

చలికాలపు పిట్టలూ ఆమెకు తెలుసు. తోక ఊపే పిట్టలు ఉత్తరం నుంచి దిగాకే శనగ విత్తేది.

సిటీ పక్కన సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజుల్లో ఆమె చేనును కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన కొన్నాడు. పునాది తీసే రోజు పెద్దమ్మ జేసీబీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె వెనక నాలుగు గుడ్లు.

"రిజిస్ట్రేషన్ అయిపోయింది కదమ్మా," అన్నాడాయన.

"అయింది బిడ్డా. భూమి నీదే. గుడ్లు నేను అమ్మలే."

ఆయనకు నవ్వొచ్చింది. "ఎన్నాళ్లు ఆగాలండీ?"

"పిల్లలు పుట్టిన్నాడే నడుస్తయి. అందాక ఆగు. నీ ఇల్లేమన్న ఎగిరిపోతదా?"

మూడు వారాలు ఆగాడు. పెద్దమ్మ రోజూ వచ్చి కుక్కలను తోలేది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ పాడె ఆ ఇంజనీరు గేటు ముందు నుంచే వెళ్లింది. ఆయన కారు రోడ్డు మీద బురద కొట్టుకుని ఉంది. లోపల పెట్టలేదేమని అడిగాను.

"కారు పెట్టే కంకరలో తీతువు గుడ్లు పెట్టిందండీ," అన్నాడు. "పోయిన నెల మీ పెద్దమ్మగారే చూసి చెప్పారు."

పెద్దమ్మ శుక్రవారం పొద్దున ఆరింటికి పోయింది. తీతువుల జంట సోమవారం ఏడింటికి, నాలుగు పిల్లలతో, గేటు కింద నుంచి వెళ్లిపోయింది.