ఎర్ర దారం కట్టిన గుమ్మడి పూలు

నా చిన్నప్పుడు, గుమ్మడిదల దిక్కు మా ఊళ్లో, ఒక ముసలాయన పళ్లు పటకారుతో పీకడం చూశాను. పీకింది మా పెద్దనాయన. ఆపింది మా నాయనమ్మ. చాలాకాలం దీన్ని నాయనమ్మ కథగానే చెప్పుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముసలాయనే ఎక్కువగా గుర్తొస్తున్నాడు.

ఆయన ఊరి బట్టలు ఉతికేవాడు. పిల్లలందరం చాకలి తాత అనేవాళ్లం. వాగు ఒడ్డున మా గుమ్మడి తోట, దాన్ని ఆనుకుని పత్తి చేను. తాత ఉతికిన బట్టలు మా గట్టు మీదే ఆరేసేవాడు. ఆ ఏడు పెద్దనాయన సంగారెడ్డి నుంచి ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలు, వీపుకు తగిలించుకునే పంపు తెచ్చాడు. గాలి ఉండదని పొద్దున్నే పత్తికి మందు కొట్టేవాడు. గుమ్మడి పువ్వు విచ్చుకునేదీ ఆ వేళకే. తడి బట్టల మీద, గుమ్మడి పూల లోపల తేనెటీగలు చచ్చి పడి ఉండటం తాత చూశాడు. చూసి ఊరుకోలేదు.

"పటేలా, పొద్దుగాల కొట్టకు. తేనీగలు సస్తున్నయి. గిట్లయితే నీ తీగెకు ఒక్క కాయ నిలువది."

"బట్టలు ఉతికేటోనివి, నాకు ఎవుసం నేర్పుతవా?" అని పెద్దనాయన నవ్వాడు. కూలీలూ నవ్వారు.

ఒక్క కాయా నిలవలేదు. పిందెలు పసుపు రంగుకు తిరిగి, కుళ్లి, రాలిపోయాయి. అప్పుడు అందరికీ తాత అన్న మాట గుర్తొచ్చింది, శాపంగా గుర్తొచ్చింది. బాణామతి చేశాడన్నారు. చేతబడి చేసినవాడి ముందరి పళ్లు ఊడగొడితే మంత్రం నోట పలకదని మా వైపు నమ్మకం.

తాతను వాగు దగ్గరి నుంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. మా వాకిట్లో బండి చక్రానికి కట్టి కట్టెలతో కొట్టారు. చెవి చినిగి మెడ మీద వేలాడింది. పెద్దనాయన కమ్మరి పటకారు నోట్లో పెట్టి తిప్పాడు. మొదటి పన్ను విరిగింది. మిగిలిన ముక్క కోసం మళ్లీ పెట్టాడు. రెండోది వేరుతో వచ్చింది. చక్రం కర్రలు తడిసి ఎర్రబడ్డాయి. చూస్తున్నవాళ్లలో నిన్నటిదాకా ఆయనతో బీడీ పంచుకున్నవాళ్లు ఉన్నారు.

నాయనమ్మ చేను నుంచి వచ్చింది. బాణామతి అనేది లేదని ఆమె వాదించలేదు. కొడుకు చేతిలోంచి పటకారు లాక్కుంది.

"ఆగు. దీని విరుగుడు నాకెరుక. కాయ నిలువకుంటే నా పండ్లు గూడ పీకు."

కాయ నిలిచేదాకా మందు కొట్టొద్దంది. తాతను మాత్రం విప్పలేదు, పశువుల కొట్టంలో గుంజకు కట్టి ఉంచారు. వానలు పట్టి తేనెటీగలు బయటికి రాని రోజుల్లో, నాయనమ్మ పుట్టింట్లో ఆడవాళ్లు గుమ్మడి పువ్వుకు పువ్వు అద్దేవారట. తాత మాటను మాటగా విన్నది ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని తోటలోకి దిగింది. ఊరంతా గట్టు మీద నిలబడింది. మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, అడుగున పిందె ఉన్న పువ్వుల్లో పుప్పొడి అద్దింది. అద్దిన ప్రతి పువ్వు కాడకూ నా చేత ఎర్ర దారం కట్టించింది. అంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

దారం కట్టిన పిందెలు లావెక్కాయి. కట్టనివి కుళ్లాయి. నాయనమ్మ మంత్రమే గెలిచిందన్నారు. తాతను విప్పారు.

ఏం మంత్రం చదివావని అడిగాను.

"మంత్రం లేదు, మన్ను లేదు. నీ పెద్దనాయన్ను తిట్టిన. గిసొంటోడు నా కడుపుల ఎట్ల పుట్టిండని."

తేనెటీగల సంగతి అందరికీ చెప్పొచ్చు కదా అన్నాను.

"జెప్పినాయనకు ఏమైందో సూసినవ్ గద, బిడ్డా."

ఆమె మనిషిని కాపాడింది. ఊరి నమ్మకం మాత్రం ఇంకాస్త గట్టిపడింది. పెద్దనాయన మళ్లీ పొద్దున్నే మందు కొట్టాడు. తర్వాతి ఏళ్లలో పూలు అద్దడానికి వచ్చిన కూలి ఆడవాళ్లు నాయనమ్మలాగే పెదవులు కదుపుతూ అద్దేవారు.

తాత మా బట్టలు ఉతుకుతూనే ఉన్నాడు. జొన్నరొట్టె నీళ్లలో నానబెట్టుకుని తినేవాడు. కొన్నాళ్లకు ఎగువన కంపెనీలు వచ్చాయి, వాటి మురుగు వాగులో కలిసింది. వాగు నీళ్లు తాగిన మా బర్రెలు నురగలు కక్కి ఒకదాని పక్కన ఒకటి పడిపోయాయి. పెద్దనాయన రేవుకు పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను. రోజంతా ఈ నీళ్లలో నిలబడేవాడివి, నీకు ముందే తెలియదా, చెప్పలేదేం అని తాత మీద అరిచాడు.

తాత నోరు తెరిచి చూపించాడు. మళ్లీ వంగి బట్ట ఉతకసాగాడు.

ఎవరైనా రాబోయే కీడు గురించి చెబుతుంటే నాకు ఆ నోరు కనిపిస్తుంది. నమ్మబుద్ధి కాకపోయినా, చెప్పేవాళ్లు ఎవరైనా, చివరిదాకా వింటాను.