ఎర్రదారం కట్టిన తట్టలు

మా బావగారు, అంటే నా భర్త అన్న, హిందూపురంలో సైన్స్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పిన ఒక్క మాట ఏ పుస్తకంలో ఉందో వెతకడానికి నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. జ్ఞానం కోసం నేర్చుకున్నానని నలుగురిలో చెబుతుంటాను గానీ, అది నిజం కాదు.

పెనుకొండ దగ్గర మా ఊళ్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. ముట్టు రోజుల్లో ఆడవాళ్లు పురుగుల షెడ్డులోకి పోకూడదనేది మా కట్టుబాటు. పెళ్లయిన నాలుగో ఏడు, మేత వేసే మనిషి లేక, ఆ రోజుల్లోనే నేను లోపలికి వెళ్లి ఆకు వేశాను. మూడో రోజుకు పురుగులు ఉబ్బి, పసుపుపచ్చగా మారి, తాకితే పాలలాంటి నీరు కారుతూ చచ్చాయి. తట్టలకు తట్టలు గుంటలో పోసి పూడ్చాం. అత్త తిట్టింది. ఆ తిట్లు వారం ఉండి పోయేవే. కానీ ఆదివారం బావగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"ఇది మూఢనమ్మకం కాదు. ఆ దినాల్లో ఆడదాని ఒంట్లో వేడి ఎక్కువుంటాది. పురుగులు తట్టుకోలేవు. ఇది సైన్సు, పుస్తకంలో ఉండాది."

షెడ్డులోకి తొంగి కూడా చూడకుండా చెప్పారు. అత్త కోపం ఆ పూటతో సత్యమైపోయింది. ఊళ్లో ఏ షెడ్డుకూ నన్ను కూలికి పిలవలేదు. పురుగుల్ని చంపిన మనిషి అని నా పేరు. ధర్మవరం రైలెక్కి, మగ్గాలున్న ఇళ్లలో పట్టుదారం కండెలకు చుట్టే పనికి ఏళ్ల తరబడి పోయాను. ఆ దారం ప్రతిరోజూ నా వేళ్ల మధ్య నుంచే పోయేది, నెలలో అన్ని రోజులూ. దానికి ఏ వేడీ తగల్లేదు.

మా మహిళా సంఘం సాయంత్రం క్లాసులో చదవడం వచ్చాక, పక్కింటి పిల్లల దగ్గర సైన్స్ పుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. రెండేళ్లు పట్టింది. ఆ వాక్యం ఎక్కడా లేదు. పట్టుపరిశ్రమ ఆఫీసులో ఇచ్చిన కరపత్రంలో మాత్రం పురుగులు ఉబ్బి పాలు కారి చచ్చే పాలరోగం గురించి ఉంది. రోగం తగిలిన పంట తట్టల్ని బ్లీచింగు నీళ్లతో కడక్కుండా వాడితే తర్వాతి పంటకు అంటుకుంటుందట. ఆ ముక్క మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాను. మా పురుగులు చచ్చిన ఆ పంటకు ముందు పాత తట్టలు తెచ్చింది బావగారే. ఎవరో పురుగుల పెంపకం మానేస్తుంటే చవగ్గా వచ్చాయని తెచ్చి, కడిగే పని లేదన్నారు. అవే చంపాయని నేను ఈనాటికీ రుజువు చేయలేను. తట్టలు ఎప్పుడో పొయ్యిలో కాలిపోయాయి, పురుగులు మట్టయ్యాయి.

ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి హిందూపురం పోయినప్పుడు, ఆయన బడికి క్యారియర్ తీసుకెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆకు ఉడికించి, దాని మీద మందు చుక్కలు వేసి, నల్లబడుతుందని పిల్లలకు చెబుతున్నారు. ఆకు నల్లబడలేదు. ఒక పాప ఆ మాటే అనింది. "పుస్తకంలో నల్లబడిందని ఉండాది కదా, అట్లే రాసుకో" అన్నారాయన. పిల్లలందరూ తలలు వంచి రాశారు.

మూడేళ్ల కిందట, అత్త పోయాక, కోడలూ నేనూ మళ్లీ పురుగులు మొదలుపెట్టాం. ఆయన చెప్పింది తప్పు అని నా నోటితో చెబితే ఎవరు వింటారు? ఎనిమిది తట్టలు పక్కన పెట్టాం. నాలుగింటికి ఎర్రదారం కట్టాం. ముట్టు రోజుల్లో వాటికి కోడలు మేత వేయాలి, మిగతా నాలుగింటికి ముట్టు ఆగిపోయిన నేను. ఆకు ఒకటే, షెడ్డు ఒకటే. చచ్చిన పురుగుల్ని ఏ పూటకాపూట లెక్కపెట్టి నోటుబుక్కులో రాసేదాన్ని.

మొదటి పంటలో తేడా లేదు. రెండో పంటలో దారం కట్టిన తట్టల్లోనే ఎక్కువ చచ్చాయి. ఆ పేజీ లెక్క రెండుసార్లు కూడి చూశాను. చించేద్దామని మడిచాను కూడా.

"చించొద్దత్తా," అంది కోడలు. "చించితే మనకూ ఆ టీచరు యప్పకూ తేడా ఏముండాది?"

నాకు దాని మీదే కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. పేజీ మాత్రం ఉంచాను. మూడో పంటలో దారం లేని తట్టల్లో ఎక్కువ చచ్చాయి. అదీ రాశాను.

ఈ ఏడు పెనుకొండలో ఒక బడివాళ్లు సైన్స్ దినానికి పురుగుల పెంపకం గురించి పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. ముఖ్య అతిథి మా బావగారని అక్కడికి పోయాకే తెలిసింది. దేవుడి మేలని నేను అనను, కానీ నోటుబుక్కు సంచిలోనే ఉంది. ఆయన మాట, అరుగు మీద అన్నది అన్నట్టే పిల్లలకు చెప్పాను. తర్వాత మూడు పంటలూ చదివాను, రెండోది కూడా.

ఆయన నవ్వారు. "మూడు పంటలకే సత్యం తేలిపోతాదామ్మా?"

"తేలదు బావా. ఇంకా పెంచుతాం. మీకు ఎన్ని పంటలకు తేలింది?"

పిల్లలు ఆయన వైపు తిరిగారు. ఆయన గ్లాసు అందుకుని నీళ్లు తాగారు.

బడిలో రికార్డు రాస్తే టీచరు ఎర్రసిరాతో సంతకం పెట్టాలి. హెడ్‌మాస్టరు టేబుల్ మీది ఎర్రపెన్ను తీసి, నోటుబుక్కుతో పాటు ఆయన ముందు పెట్టాను. ఆయన గబగబా సంతకం చేసి మూసేయబోయారు. నేను పేజీ మీద చెయ్యి పెట్టాను.

"ఈ లెక్కల్లో మీకు కనిపించింది కూడా రాయండి బావా. పుస్తకంలో ఉన్నది కాదు."

పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు. వేలితో కూడికలు సరిచూశారు. చివరికి పెన్ను పెట్టారు. పేజీని కళ్లకు దగ్గరగా పట్టుకుని రాశారు, ముసలివారయ్యారు. నాకు జాలి కలగలేదు.

ఆయన రాసినదాన్ని తీసుకుని, మా సాయంత్రం క్లాసులో నేర్పినట్టు కూడబలుక్కుంటూ, వెనక వరుస పిల్లలకు కూడా వినబడేలా చదివాను.

"ఈ రికార్డును బట్టి, దారం కట్టిన తట్టలకూ కట్టనివాటికీ తేడా ఉందని చెప్పలేను."

హిందూపురం ప్యాసింజరుకు టైమైందని ఆయన లేచారు. ఒక్క నిమిషం ఆగమని, ఇంకోసారి చదివాను.