మామ వీపు చూస్తూ పాడిన పాట

నేను మిలాన్‌లో పాడాను, వియన్నాలో పాడాను, సియోల్‌లో జలుబుతో కూడా పాడాను. మహబూబ్‌నగర్‌లో శాలువా కప్పిన సభలో మాత్రం నన్ను ‘ఆర్కెస్ట్రా గాయకుడు’ అని పరిచయం చేసి, రెండు సినిమా పాటలు పాడమన్నారు. ఈ గొంతు ఎక్కడిదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. (అడగనివాళ్ల జాబితా నా దగ్గర ఉంది.) అడగకపోయినా చెబుతాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు ఇరవై ఏళ్లు. లోకమంతా నా పాట కోసమే చెవులు రిక్కించి కూర్చుందని నమ్మే వయసు.

నేను పాడేది ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం. మైకు ఉండదు, గొంతు వాద్యాలన్నింటినీ దాటుకుని చివరి వరుసదాకా పోవాలి. అందులో మగవాళ్ల పైస్థాయి గొంతును టెనర్ అంటారు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ బృందగానంలో చేరితే, అక్కడి టీచరమ్మ నాది ఆ గొంతని కనిపెట్టి, రెండేళ్లు నేర్పి, ఇటలీలోని ఒక సంగీత పాఠశాలలో సీటు కోసం పాడి వీడియో పంపమంది. సరిగ్గా అప్పుడే బాపు కాలు విరిగి దవాఖానలో పడ్డాడు. మాది గొర్లకాపరుల ఇల్లు. చదువు ఆపి ఊరికొచ్చి, మందను నేనే గుట్టకు తోలవలసి వచ్చింది. గడువు మూడు రోజులుంది. సరే, గుట్ట మీదే పాడదామనుకున్నాను.

మా వైపు మందను పిలవడానికి ఒక్కో ఇంటికి ఒక్కో కూత. మా ఇంటి కూత చివర్లో పైకి లేచి, ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. ఆరేళ్లప్పుడు బాపు నా కడుపు మీద చెయ్యి పెట్టి నేర్పాడు. (తర్వాత టీచరమ్మ అదే నేర్పి ఫీజు తీసుకుంది.) ఫోనును సీతాఫలం చెట్టు కొమ్మల్లో ఇరికించి, రాయెక్కి పాట ఎత్తుకున్నాను. చివరి పైస్వరం పట్టానో లేదో, మేత వదిలి మా మంద మొత్తం నా చుట్టూ చేరింది. అది నయం. అవతలి వాలు నుంచి మా మేనమామ మంద కూడా ఉరికొచ్చింది. రోగంతో ఆయన మంద సగం పోయినప్పుడు బాపు ఇరవై గొర్రెలిచ్చాడు. అవి పాత కూత మరవలేదు. ముందు అవి, వాటి వెనక మిగతావి. పైగా ఆ ఇరవైకీ చెవి మీద మా ఇంటి గుర్తు గాటే. పాట ఆపి రెండు మందలను విడదీసేసరికి పొద్దుగూకింది.

“గా కూత బందువెట్టు అల్లుడా. నా గొర్లను గుంజుకుంటున్నవ్,” అన్నాడు మామ.

“కూత గాదు మామా, పాట.”

“పాటయితే మనుషులు రావాలె. గొర్లెందుకొస్తున్నయ్?”

రెండో రోజూ అదే జరిగింది. మామ కులపెద్దలకు చెప్పాడు. గుట్ట మీద నేను నోరు తెరవకూడదని వాళ్లు తేల్చారు. మూడో రోజు, గడువు ముగిసే రోజు, ఆ రాయి మీదే మూతి ముడుచుకుని కూర్చున్నాను. సాయంత్రంలోగా వీడియో పోకపోతే ఇటలీ లేదు. మామ దగ్గరికొచ్చి, ఎంతసేపు పాడతావని అడిగాడు. నాలుగు నిమిషాలన్నాను.

“పాడు. వస్తే రానీ. మల్ల యేరుకుందాం,” అని గొంగడి నెత్తిన కప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పాడాను. మూడు వందల గొర్రెలు, మధ్యలో కదలని ఒక గొంగడి. వీడియో అట్లాగే పంపాను. సీటు వచ్చింది. అక్కడి గురువు మొదటి రోజే అడిగిన మాట: ఆ వెనక్కి తిరగని మనిషికి నీ పాట నచ్చలేదా?

ఆ సాయంత్రం మామను నేనూ అదే అడిగాను. పొద్దు పోతున్నది, గొర్లను యేరమన్నాడు. తర్వాత ఊరికొచ్చిన ప్రతిసారీ అడిగాను. పోయినేడు అడిగితే గొర్రెపిల్ల పళ్లు చూస్తూ కూర్చున్నాడు. పెద్ద పెద్ద సభల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, ఇంత వయసొచ్చినా, నేను మాత్రం గొంగడి కప్పుకున్న వీపు ఒకటి ఊహించుకుని, అది ఇటు తిరుగుతుందేమోనని చూస్తుంటాను. నవ్వొస్తుంది. అయినా వదలను. మామా, ఇది అచ్చులో అడుగుతున్నాను, మనుమరాలితో చదివించుకో. పాట మంచిగున్నదా, లేదా? ఏదో ఒకటి చెప్పు.